కార్డులో లేని చేతులు

ఎల్లారెడ్డిలో మా ఇంటికి బీడీ కార్డు ఒక్కటే ఉండేది. అది మా అమ్మ పేరు మీద ఉండేది; ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆ కార్డు చూసి కంపెనీ తరఫు టేకేదారు తునికాకు, తంబాకు, దారం తూచి ఇచ్చేవాడు. చుట్టిన బీడీలను కట్టలుగా లెక్క చూసుకొని తీసుకుపోయేవాడు. కార్డు మీద ఫొటో ఒకటి, వేలిముద్ర ఒకటి. ఆకు, తంబాకు పోసుకొని బీడీలు చుట్టే చాట ముందు కూర్చునేది మాత్రం ఇద్దరు: అవ్వ, మా చెల్లె. ఇందులో దాచిపెట్టినదేమీ లేదు. మా వాడలో ప్రతి ఇంటిదీ అదే పద్ధతి. కార్డు ఒకరిది, చేతులు ఇంటిల్లిపాదివి. కోడలు చుట్టినా, కూతురు చుట్టినా, కార్డున్న మనిషే చుట్టినట్టు లెక్క.

చెల్లె నాకన్నా ఎనిమిదేండ్లు చిన్నది. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదని అవ్వ చెప్పేది. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి, చదువు రానేలేదు. పది రూపాయల నోటుకూ వంద రూపాయల నోటుకూ తేడా ఇప్పటికీ తెలియదు. ఒంటరిగా బస్సు ఎక్కలేదు. వెలుగుతున్న పొయ్యి దగ్గర ఆమెను విడిచిపెట్టి పోలేము. కానీ పన్నెండో ఏట అవ్వ పక్కన కూర్చొని, ఎవరూ నేర్పకుండానే, చూసి చూసి బీడీ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిన బీడీ మూతి మడవడానికి కొందరు చిన్న ఇనుప పుల్ల వాడతారు. చెల్లె బొటనవేలి గోరే వాడేది. అందుకోసం ఆ ఒక్క గోరును పొడుగ్గా పెంచుకొనేది. తక్కినవన్నీ అవ్వను కత్తిరించనిచ్చి, దాన్ని మాత్రం ముట్టనిచ్చేది కాదు.

నేను నిజామాబాదులో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఒకసారి వర్క్‌షాపు నుంచి వెర్నియర్ కాలిపర్స్ అడిగి సెలవులకు ఇంటికి తెచ్చాను. కొలవడానికి ఇంట్లో వేరే వస్తువేదీ కనబడక, అవ్వ చుట్టిన బీడీలు ఇరవై, చెల్లె చుట్టినవి ఇరవై తీసుకొని మందం కొలిచి పట్టిక గీశాను. అవ్వ బీడీలలో అర మిల్లీమీటరు దాకా తేడా వచ్చింది. చెల్లె బీడీలలో మిల్లీమీటరులో రెండు పదో వంతులు దాటలేదు. వేగం కూడా ఆమెదే ఎక్కువ.

"కంపెనీ చెక్కరు గూడ గింత చూడడు," అంది అవ్వ. "ఇంజనీరు చదువుకు తోలితె బీడీలు కొలిచే కొడుకైండు నాకు."

"నాయి మంచిగున్నయా అన్నా?" అని చెల్లె అడిగింది.

"నీవే మంచిగున్నయి. అవ్వవి వంకర."

ఆ వారమంతా వాకిట్లోకి వచ్చిన వాళ్ళందరికీ ఆమె "అవ్వయి వంకర" అని చెప్పుకొంది. అవ్వ ప్రతిసారీ కోపం నటించింది.

తర్వాత నాకు విద్యుత్ శాఖలో మీటర్లను పరీక్షించే విభాగంలో ఉద్యోగం వచ్చింది; కామారెడ్డిలో స్థిరపడ్డాను. బాపు చనిపోయాక ఎల్లారెడ్డి ఇల్లూ, ఎకరన్నర పొలమూ మా ముగ్గురి పేర్ల మీదికి వచ్చాయి. అప్పటికే అవ్వకు దగ్గు పట్టుకుంది. నలభై ఏండ్లకు పైగా తంబాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో ఎక్స్‌రే చూశాక నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

బాపు సంవత్సరీకం రోజున మా చిన్నాయన కొడుకు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, నువ్వు కామారెడ్డిల ఉంటివి. రేపు పెద్దమ్మకు ఏమన్నయితె ఈ పిల్లను మేమే సాకాలె. ఉత్తగ సాకుమంటె ఎవలు సాకుతరు? ఇంట్ల, పొలంల ఆమె పాలు నా పేరు మీద రాసియ్యిండ్రి. ముద్దకు లోటుండది."

ముద్దకు లోటుండదన్న మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. బీర్కూర్ వైపు మా దూరపు బంధువుల ఇంట్లో, మాట రాని, చెవులు వినబడని ఒక పెద్దమనిషి వాటాను ఇదే మాట చెప్పి రాయించుకున్నారు. మూడేండ్ల తర్వాత నేను చూసినప్పుడు ఆయన పశువుల కొట్టంలో పడుకుంటున్నాడు. ముద్ద పెడుతూనే ఉన్నారు. కొట్టంలోకి తెచ్చి పెడుతున్నారు.

మరుసటి వారం కామారెడ్డిలో ఒక వకీలును కలిశాను. ట్రస్టు అన్న మాట ఆయన దగ్గరే సరిగ్గా అర్థమైంది. ఆస్తిని ఒక మనిషి పేరు మీద కాక, ఒక పత్రం కింద పెట్టాలి. దాన్ని చూసుకొనే వాళ్ళు ముగ్గురు ఉండాలి. ఆస్తి వాళ్ళ చేతిలో ఉంటుంది కానీ వాళ్ళది కాదు. అనుభవించే హక్కు చెల్లె ఒక్కదానిదే. ముగ్గురిలో ఒకరు పోతే ఆ స్థానంలోకి ఎవరు రావాలో పత్రమే చెబుతుంది. ఆమె బతికున్నంత కాలం ఇల్లు అమ్మడానికి వీలుండదు. నా వృత్తిలోనూ ఇదే పద్ధతి: ఒక లైను తెగితే వెంటనే మరొకటి అందుకోవాలి, చీకటి కాకూడదు. నేనూ, నా కూతురూ, మా వాడలోనే ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడూ బాధ్యులుగా ఉండాలని ఆ రోజే అనుకున్నాం.

"ఒక్క చిక్కుంది సార్," అన్నాడు వకీలు. "మీ పాలు, అవ్వ పాలు మీరు ట్రస్టుకు రాయొచ్చు. మీ చెల్లె పాలు ఎవరు రాయాలె? ఆమె సంతకం చెల్లది. ఆమె తరఫున గార్డియన్ కావాలె. గార్డియన్‌ను కలెక్టరు దగ్గరి కమిటీ వేస్తది. ఆ కమిటీకి వైకల్యం సర్టిఫికెట్ కావాలె, శాతం సరిపోవాలె."

సర్టిఫికెట్ మా దగ్గర ఉంది. శాతం సరిపోలేదు.

ఎందుకు సరిపోలేదో నాకు తెలుసు. మొదటిసారి, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకు అవ్వ ఒక్కతే తీసుకుపోయింది. ఏమన్నా పని చేస్తదా అని డాక్టరు అడిగితే, "నాకన్న మంచిగ బీడీలు చేస్తది సారూ, మా ఇల్లు నడిచేదే దాని చేతుల మీద," అని చెప్పింది. వాడ మొత్తానికి తెలిసిన సంగతే చెప్పింది. ఆ మాటతో శాతం తగ్గింది.

మళ్ళీ పరీక్షకు దరఖాస్తు పెట్టాను. క్యాంపుకు పదిహేను రోజుల ముందు ఎల్లారెడ్డికి పోయి, అవ్వను కూర్చోబెట్టి చెప్పాను. ఈసారి ఏ పని గురించి అడిగినా రాదు అని చెప్పాలి. బీడీ అన్న మాటే రాకూడదు.

"రాదని చెప్పాల్నా? అది ఇనంగనా?"

"దాని కోసమే గదా అవ్వా. ఈ కాయితం లేకపోతె పాలు పోతది. పాలు పోయినంక దాని గతేందో నీకు ఎరుకే."

అవ్వ చేతిలోని ఆకును కత్తిరించి చాటలో వేసింది. "నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్పినట్టే చేస్త," అంది.

నేను చేసే పనిని సగంలో ఆపను. మాట ఒక్కటే సరిపోదని నాకు తోచింది. డాక్టరు చేతులు చూస్తాడు. చెల్లె వేళ్ళ చివర్లు తంబాకుతో గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. పదిహేను రోజులు ఆమెను చాట దగ్గరికి రానివ్వవద్దని చెప్పాను. ఆదివారం ఆదివారం పోయి, నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దాను. రెండో ఆదివారానికి మరక దాదాపు పోయింది. అప్పుడు బొటనవేలి గోరు కత్తిరించాను. చెయ్యి గుంజుకుంది. "అది వద్దన్నా, అది నా పని గోరు," అంది. మళ్ళీ పెరుగుతదిలే అని మణికట్టు గట్టిగా పట్టుకొని కత్తిరించాను. తక్కిన గోళ్ళకు సమంగా వచ్చేదాకా కత్తిరించాను.

క్యాంపులో డాక్టరు నాకన్నా చిన్నవాడు, ఓపికగలవాడు. చెల్లెను పేరు అడిగాడు, చెప్పింది. ఇయ్యాల ఏం వారం అంటే నవ్వింది. రెండు నోట్లు చూపించి ఏది పెద్దదని అడిగితే కొత్తగా ఉన్నదాన్ని ముట్టుకుంది. ఆయన రాసుకున్నాడు. తర్వాత అవ్వను అడిగాడు.

"ఇంట్ల ఏమన్న పని చేస్తదా అమ్మా?"

అవ్వ నా వైపు చూడలేదు. "ఏం చేయది సారూ. దానికేం రాదు."

చెల్లె అవ్వ ముఖంలోకి చూసింది. అవ్వ పరాచికమాడుతోందనుకున్నట్టుంది, నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. "వస్తది గదనే అవ్వా," అంది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది. చెల్లె డాక్టరు వైపు తిరిగింది. "వస్తది సారూ. చూడు." రెండు చేతులూ ఎత్తి, ఎడమ చేతిలో లేని ఆకును పట్టుకొని, కుడి చేత్తో లేని తంబాకును పోసి, వేళ్ళతో చుట్టి, గోరు లేని బొటనవేలితో మూతి మడిచి, దారం చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. వెంటనే ఇంకొకటి మొదలుపెట్టింది.

డాక్టరు కలం ఆపాడు. "ఇదేంది?" అని నన్ను అడిగాడు.

అంతకుముందు దేని గురించీ అంత తొందరగా జవాబు చెప్పినట్టు నాకు గుర్తు లేదు. "అట్ల చేతులు ఆడిస్తుంటది సార్. చిన్నప్పటి నుంచి అలవాటు," అన్నాను.

ఆయన తల ఊపి ఇంగ్లీషులో ఒక వరుస రాశాడు. కాగితం నాకు తలకిందులుగా ఉంది, అయినా చదవగలిగాను. ప్రయోజనం లేని చేతి కదలికలు, పదేపదే, అని దాని అర్థం. చెల్లె మూడో బీడీ సగంలో ఉంది. ఎవరూ తనను చూడడం లేదని గమనించి చేతులు దించుకుంది.

తిరుగు బస్సులో ఆమె ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుంది. లింగంపేట దాటాక అవ్వ నాతో మెల్లగా అంది. "అది ఇన్నేండ్లు చేసిన పనిని ఒక్క మాటతోని నేను లేకుంట చేసిన, కొడుకా."

శాతం సరిపోయింది. కమిటీ నన్ను గార్డియన్‌గా వేసింది. ట్రస్టు పత్రం ముసాయిదాను వకీలు రాయలేదు, నేనే రాశాను. ఆయన రెండు చోట్ల మాత్రమే దిద్దాడు. నివాసం, భోజనం, బట్టలు, మందులు, పంటి వైద్యం, కండ్ల పరీక్ష, తోడుండే మనిషి జీతం, ఆ మనిషి రాని రోజున ప్రత్యామ్నాయం, చివరికి అంత్యక్రియలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంశం. మొదటి పేజీలో, ఈ ట్రస్టు ఎందుకు ఏర్పడిందో చెప్పే చోట, లబ్ధిదారు స్వయంగా ఏ పనీ చేయలేని స్థితిలో ఉన్నందున అని రాశాను. సర్టిఫికెట్‌తో పొంతన కుదరాలంటే ఆ వాక్యం అవసరం. రిజిస్ట్రేషను రోజున చెల్లె కొత్త చీర కట్టుకొని వచ్చి బెంచీ మీద కూర్చుంది. అవ్వ చేతులు జోడించి, "నాకిప్పుడు ప్రాణం పోయినా రంది లేదు," అంది.

ఆ క్యాంపు తర్వాత చెల్లె చాట ముందు కూర్చోలేదు.

మొదట్లో మేం పట్టించుకోలేదు. గోరు లేదు కదా, పెరిగితే కూర్చుంటుందని అవ్వ అనుకుంది. గోరు పెరిగింది. ఒక ఆదివారం నేను పోయి చెప్పులు విడవగానే, చెల్లె వచ్చి ఎదురుగా నిలబడి, బొటనవేలు ముందుకు చాపింది. గోరు కత్తిరించమని. నాకు అర్థం కాలేదన్నట్టు నిలబడితే, కత్తెర కూడా తనే తెచ్చి చేతిలో పెట్టింది.

"చెయ్యవే, నీకొస్తది," అని అవ్వ బతిమాలేది. కావాలని బీడీని వంకరగా చుట్టి, "అగో, నాకైతలేదు, నువ్వు చేసి చూపియ్యి," అనేది. చెల్లె ఆ బీడీని చూసి, "నాకు రాదు," అని లేచిపోయి తలుపు దగ్గర కూర్చునేది. ఆ మాటలో అలక గానీ కోపం గానీ ఉండేవి కావు. తెలుసుకున్న సంగతిని చెప్పినట్టు చెప్పేది. డాక్టరుకు అబద్ధం చెప్పినమని, నీకు వస్తదని మాకు తెలుసని నేను ఆమెకు ఎన్నోసార్లు వివరించాను. ఒక మాట మనిషిని కాపాడడం కోసం చెప్పే అబద్ధం కావచ్చని ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి కావలసిన వాక్యం నా దగ్గర లేదు. ఉన్నదల్లా అందరి ముందూ అవ్వ అన్న మాట, నేను అన్న మాట.

ఏడాదిన్నర తర్వాత అవ్వ చనిపోయింది. పదకొండో రోజు చిన్నాయన కొడుకు మళ్ళీ చెల్లె వాటా సంగతి ఎత్తాడు. నేను ట్రస్టు పత్రం నకలు ఇచ్చాను. పేజీలు తిప్పి, స్టాంపులు చూసి, "అంటె ఇగ మేం పరాయోళ్ళమన్నట్టు," అని చాప మీద పెట్టి లేచాడు. "కాయితం బెట్టుకొని చెల్లెను సాకుతవాయె అన్నా." మళ్ళీ రాలేదు. ఆ పత్రం ఏ పనికోసం రాశానో ఆ పని ఆ రోజు అది చేసింది. ఇందులో నాకు సందేహం లేదు.

ఆ తర్వాత రెండు రోజులకు టేకేదారు అవ్వ కార్డు వాపసు తీసుకోవడానికి వచ్చాడు. నేను పుట్టి పెరిగిన వాడలో ముప్పై ఏండ్లుగా ఆకు పంచుతున్న మనిషి. చెల్లె పేరు మీద కార్డు చేయించడానికి వీలుంటుందా అని అడిగాను.

"ఏం మాట్లాడుతున్నవ్ పటేలా," అన్నాడు. "ఈ ఇంటి బీడీలు సగానికి మీద ఈ పిల్లయే అని నాకెరుక. కట్ట ఇప్పి చూస్తె ఏది అవ్వదో ఏది పిల్లదో చెప్తుంటి. ఈ ఏడాదిన్నర నుంచి పిల్లయి రాకుంట ఆగిపోయినయి. గాని కాయితం మీద పిల్ల ఎన్నడున్నది? ఇప్పుడు కార్డు అడుగుతె కంపెనీ ఏం అడుగుతది? ఇన్నేండ్లు ఏం చేసిందంటది. ఏం చేయరాదని మీరే సర్కారుకు రాయించిండ్రి గద."

అవ్వ పీఎఫ్ అవ్వ పేరు మీద వచ్చింది. ట్రస్టులోనే జమ చేశాను. ఆ మొత్తంలో ఎక్కువ భాగం ఎవరి చేతుల కష్టమో నాకు తెలుసు. ఆ సంగతి చెప్పే రుజువు ఎక్కడా లేదు. నేను పాలిటెక్నిక్ రోజుల్లో గీసిన పట్టిక కూడా ఎప్పుడో పోయింది.

ఇప్పుడు చెల్లెకు తోడుగా మా పక్కింటి వదినె ఉంటోంది. భర్త లేని మనిషి. ముందు గదిలో ఆమె నివాసం, ట్రస్టు నుంచి జీతం. చెల్లెకు వేళకు తిండి, వేళకు మందులు. ఒంటి మీద మంచి చీర. ఉపాధ్యాయుడు వారానికోసారి వచ్చి చూసి పోతాడు. పొద్దున లేచి స్నానం చేసి చెల్లె తలుపు పక్కన కూర్చుంటుంది. భోజనానికి లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. చేతులు ఒళ్ళో ఉంటాయి. బరువు పెరిగింది. పాదాలు వాస్తున్నాయి. నడిపించమని డాక్టరు చెబితే వదినె బస్టాండు దాకా తీసుకుపోయి తీసుకొస్తుంది.

ఏడాదికోసారి గార్డియన్‌గా నేను కమిటీకి నివేదిక ఇవ్వాలి. అందులో ఆరోగ్యం, నివాసం, ఖర్చుతో పాటు ఒక వరుస ఉంటుంది: సంరక్షణలో ఉన్న వ్యక్తి ఏదైనా పని చేస్తున్నారా? ఈసారి ఆ ఫారం నింపే ముందు వకీలును అడిగాను, చేస్తుందని రాస్తే ఏమవుతుందని.

"మళ్ళ పరీక్షకు పిలువొచ్చు సార్. శాతం తగ్గితె మీ గార్డియన్ పత్రం మీద ప్రశ్న వస్తది. అది కదిలితె, ఆమె పాలు ట్రస్టుకు రాసింది కూడ కదులుతది. మీ చిన్నాయన కొడుకు కాచుకొనే ఉన్నడు గద. నిలబెట్టిన ఇంటికి మీరే గునపం వెయ్యకుండ్రి."

అయినా ఎల్లారెడ్డి పోయి వదినెతో మాట్లాడాను. ఆమెకు సొంత కార్డు ఉంది, రోజూ బీడీలు చుడుతుంది. పది రోజులు తన చాట పక్కన ఇంకొక చాట వేసి, ఆకు నానబెట్టి కత్తిరించి, తంబాకుతో సహా సిద్ధంగా పెట్టమన్నాను. ఏమీ అనవద్దు, బతిమాలవద్దు, ఊరికే పెట్టి ఉంచమన్నాను. చుడితే ఏం రాయాలో నేను తేల్చుకోలేదు. గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

పదో రోజున సెలవు పెట్టి పోయాను. వదినె చెప్పింది: మొదటి రెండు రోజులు చెల్లె ఆ చాటకేసి చూసింది. మూడో రోజు ఆకు ఆరిపోతుంటే దాని మీద నీళ్ళు చిలకరించింది. వదినెకు ఆశ పుట్టింది. తర్వాత ప్రతిరోజూ అంతే. ఆకు ఆరనివ్వదు, ముట్టదు.

నేను కూర్చొని ఉండగానే ఆ రోజు కూడా అదే జరిగింది. చెల్లె లేచి, చెంబులో నీళ్ళు తెచ్చి, వేళ్ళతో ఆకుల మీద చల్లి, తడిగుడ్డ కప్పింది. ఆ తర్వాత చాటను రెండు చేతులా ఎత్తి, వదినె ముందుకు జరిపి, ఆమె పని సులువయ్యేలా దారం ఉండ కూడా దగ్గర పెట్టి, తలుపు పక్కకు పోయి కూర్చుంది.

నేను ఫారం తీసి ఆ వరుసకు ఎదురుగా "లేదు" అని రాశాను. ఆ జవాబును మొదటిసారి డాక్టరు ముందు చెప్పిన రోజున అది అబద్ధం. దాన్ని నిజం చేయడానికి మూడేండ్లు కూడా పట్టలేదు.

"ఏం రాసినవ్?" అంది వదినె, దారం తెంపుతూ.

"ఉన్నదే రాసిన."

ఆమె చెల్లె వైపు ఒకసారి చూసి, ఆ రెండో చాటలోని ఆకు తన చాటలో కలుపుకొంది.